చెట్టుకు పేరు రాసి పెట్టడమే అసలు తేడా

‘పార్కుకూ బొటానికల్ గార్డెన్‌కూ తేడా ఏమిటి, మన శ్రీకాకుళం వంటి జిల్లాకు అలాంటి తోట అవసరమా?’ అని అడిగారు. అవసరమేనని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు హౌరాలో కలిగింది.

మన పల్లెల నుంచి బెంగాల్ జూట్ మిల్లులకు వలస వెళ్ళిన ఎన్నో కుటుంబాలలో మా చిన్నాన్నది ఒకటి. 1991 చలికాలంలో నాన్నను వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం మమ్మల్ని అక్కడి శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు తీసుకువెళ్ళాడు. అందరూ చూసే మహావటవృక్షాన్ని మేమూ చూశాం. తెగులు సోకిన మొదటి మానును 1925లో తొలగించినా, అది ఊడల మీదనే ఒక చిన్న అడవిలా నిలిచి ఉంది. తిరిగి వస్తూ నాన్న ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు. బెరడు తడిమి, తల పైకెత్తి ఆకు చూసి, ‘ఇది మన సోమిద మానురా, జొరమొస్తే మీ నానమ్మ దీని బెరడే కాసిచ్చేది’ అన్నాడు. నేను చెట్టుకున్న పేరు పలక చదివాను: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. నాన్న నా ముఖంలోకి చూసి, ‘ఈ పేరు ఈలికెవులు సెప్పినార్రా?’ అని అడిగాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ తోటను 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ సూచనపై ఈస్టిండియా కంపెనీ నెలకొల్పింది. ఓడలకు టేకు, వ్యాపారానికి సుగంధ ద్రవ్యాల మొక్కలు పెంచడం దాని తొలి ఉద్దేశం. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మన సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించి, వాటికి తెలుగువారు చెప్పిన పేర్లను కూడా తన గ్రంథాలలో రాసుకున్నాడు. ఆ విధంగా సోమిద అనే మన మాట శాస్త్రనామంలో నిలిచిపోయింది. రెండవ మాటకు జ్వరాన్ని పోగొట్టేది అని అర్థం. నానమ్మ వైద్యమంతా ఆ రెండు మాటలలో ఉంది.

ఐరోపాలో ఇలాంటి తోటలు మొదలైందీ వైద్యం కోసమే. ఇటలీలో, 1544లో పీసాలో, 1545లో పాదువాలో వైద్య విద్యార్థులు ఒక మూలికను మరొక మూలికగా పొరబడకుండా, బతికి ఉన్న మొక్కను చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలని విశ్వవిద్యాలయాలు వీటిని నాటించాయి. నీడకోసం, షికారుకోసం జనం రావడం తరువాతి సంగతి.

మా పట్టణంలోని పార్కులో నడకదారికి రంగురాళ్ళు పరిచారు, సిమెంటు జింకలను నిలబెట్టారు, గోడ పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు నాటారు. ఉన్న పాత చెట్లలో ఒక్కదానికీ పేరు లేదు. సీతంపేట కొండల నుంచి అడ్డాకులు తెచ్చి అమ్మే సవర స్త్రీలు ఆ గోడ పక్కనే కూర్చుంటారు. వారికి తెలిసిన చెట్ల పేర్లలో సగం కూడా మన పిల్లలకు తెలియవు. నాన్న పోయి పదేళ్ళయింది. కనీసం ఆ పాత చెట్లకైనా తెలుగు, సవర పేర్లతో పలకలు పెట్టించాలని, ఆ స్త్రీలను అడిగే పేర్లు రాయించాలని రెండుసార్లు అర్జీ ఇచ్చాను. వచ్చే నెల మూడవది ఇస్తున్నాను.