పూచీ ఎవరికి, ఎరువు ఎవరికి?

ప్రశ్న: ఆఫ్రికాలో చిన్న రైతుల ఎరువుల కోసం రుణ హామీలు ఇస్తున్నారట. ఆ డబ్బు రైతు చేతికే వస్తుందా? కట్టకపోతే బాకీ మాఫీయేనా?

జవాబు: రెండూ కాదు. హామీ అంటే పూచీకత్తు. అది సాధారణంగా అప్పిచ్చినవాడికి దక్కుతుంది. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాలు హెక్టారుకు 8 కిలోలున్న ఎరువుల పోషకాల వాడకాన్ని 2015 కల్లా 50 కిలోలకు చేర్చాలనుకున్నాయి. చేరలేదు. ఆ తీర్మానంలోంచి వచ్చిన ఎరువుల నిధిని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు నడుపుతోంది. ఆ నిధి టాంజానియా, నైజీరియాల్లో ఇలాంటి వాణిజ్య హామీలు, అంటే అరువుకు అమ్మిన సరుకుకు పూచీలు, ఇచ్చింది.

పని ఇలా సాగుతుంది: దిగుమతిదారు టోకు వర్తకుడికి ఎరువు అరువిస్తాడు, అతను ఊరి దుకాణానికి, దుకాణదారు రైతుకు. ఉదాహరణకు లక్ష డాలర్ల సరుకుకు 50 శాతం హామీ ఉండి, 20 వేలు మొండిబాకీ పడితే నిధి భరించేది 10 వేలే. మిగతాది అమ్మినవాడి నష్టం. కావాలనే అలా పెడతారు. మొత్తం భరిస్తే మంచీచెడూ చూడకుండా అరువిచ్చేస్తారు కదా! పరిహారం ఇచ్చాక కూడా బాకీ వసూలు ఆగదు.

చిక్కంతా కాలంతోనే. మొక్కజొన్నకు అడుగు ఎరువు, అంటే మొదటి విడత ఎరువు, విత్తేటప్పుడే పడాలి. కాగితాలు తేలేసరికి వానలు దాటితే సరుకు గోదాములో, బాకీ పుస్తకంలో మిగులుతాయి. బాకీ తీర్చే గడువు పంట అమ్మకానికి ముందే ముగిసినా ఎగవేతకు దారితీయొచ్చు. ఇన్వాయిస్, సరుకు ముట్టిన రసీదు లేకుంటే పరిహారం దావా నిలవదు. ఇంకోటి: టోకు వర్తకుడి దగ్గరే అరువు ఆగిపోతే రైతు నగదుకే కొనాలి. అందుకే ఒప్పందంలో ముందు చూడాల్సింది హామీ శాతం కాదు, కింది మెట్టుదాకా అరువు దిగాలన్న షరతు ఉందా లేదా అన్నది.