గురుడి తుపాన్ల మీద పరిశోధనకు ఖగోళశాస్త్రమే చదవాలా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. గురుడి తుపాన్లు, శని ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న షడ్భుజి మేఘాల మీద పరిశోధన చేయాలని ఉంది. పీజీలో ఖగోళశాస్త్రమే తీసుకోవాలా? ఇప్పుడే మొదలుపెట్టగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఖగోళశాస్త్రమే కానక్కర్లేదు. ఈ పనికి పునాది ఫ్లూయిడ్ డైనమిక్స్, అంటే ద్రవాలు, వాయువులు ఎలా కదులుతాయో చెప్పే శాస్త్రం. వాతావరణ శాస్త్రం, అప్లైడ్ మ్యాథ్స్ వైపు నుంచీ రావచ్చు. మీరడిగిన షడ్భుజినే చూడండి. ఒక్కో భుజం సుమారు 14,500 కిలోమీటర్లు, అంటే భూమి వ్యాసం కన్నా ఎక్కువ. తూర్పుకు వీచే జెట్ ప్రవాహం (సన్నని పట్టీలా వేగంగా వీచే గాలి) మెలికలు తిరగడం వల్ల ఆ ఆకారం వచ్చింది. తిరిగే నీటి తొట్టిలో ఒక భాగాన్ని వేరే వేగంతో తిప్పి ఇలాంటి బహుభుజులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పుట్టించారు, 2010లో ప్రచురించారు. ఆ ప్రయోగానికి టెలిస్కోప్‌తో పనే లేదు. పీజీ సిలబస్‌లో కోరియాలిస్ ప్రభావం (గ్రహం తిరగడం వల్ల గాలి దారి వంగడం), వోర్టిసిటీ (గాలి సుడి తిరిగే తీరుకు కొలత), రాస్బీ తరంగాలు (గ్రహ భ్రమణం వల్ల గాలుల్లో పుట్టే పెద్ద అలలు) ఉన్నాయో లేదో చూసుకోండి, కోర్సు పేరు ఏదైనా ఫర్వాలేదు.

ఇప్పుడే చేయదగ్గ పని, మేఘాల కదలికను బట్టి గాలి వేగం కొలవడం. హబుల్ టెలిస్కోప్‌తో బయటి గ్రహాలను ఏటా గమనించే ఓపల్ కార్యక్రమం కింద ఏటా గురుణ్ని వరుసగా రెండు భ్రమణాల పాటు చిత్రిస్తున్నారు. ఆ మ్యాపులు ఉచితం, పైథాన్ వస్తే చాలు. రెండింటిలోనూ ఒకే మేఘాన్ని పట్టుకుని, రేఖాంశం ఎంత మారిందో చూసి, ఆ అక్షాంశం దగ్గర అది ఎన్ని కిలోమీటర్లో లెక్కగట్టి, మధ్యలో గడిచిన సమయంతో భాగించాలి. చెప్పినంత తేలిక కాదు లెండి. మ్యాపు మొత్తానికి ఒకే సమయం వేస్తే లెక్క తప్పుతుంది, ఆ మేఘం ఏ ఫ్రేములోదో దాని ఫిట్స్ హెడర్‌లోని (చిత్రం ఫైలు మొదట్లో ఉండే వివరాల్లోని) సమయమే తీసుకోవాలి. పిక్సెల్ 150 కిలోమీటర్లయితే, పది గంటల ఎడంలో ఒక్క పిక్సెల్ పొరపాటు సెకనుకు 4 మీటర్లు. అదే గంట ఎడంలో 40 మీటర్లు, ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

ఎక్కువమంది బోల్తా పడేది రేఖాంశాల దగ్గర. గురుడికి గట్టి నేల లేదు కాబట్టి రేఖాంశాల లెక్కకు వేర్వేరు పద్ధతులున్నాయి: సిస్టమ్ 3 అయస్కాంత క్షేత్ర భ్రమణాన్ని, సిస్టమ్ 1 భూమధ్యరేఖ దగ్గరి మేఘాల భ్రమణాన్ని బట్టి పెట్టినవి. సిస్టమ్ 3 భ్రమణకాలం 9 గంటల 55 నిమిషాల 30 సెకన్లు, సిస్టమ్ 1ది 9 గంటల 50 నిమిషాల 30 సెకన్లు. భూమధ్యరేఖ దగ్గర సిస్టమ్ 1 వాడితే సెకనుకు వంద మీటర్లుండే జెట్ దాదాపు మాయమైపోతుంది! అక్షాంశాల్లోనూ రెండు రకాలున్నాయి. గురుడు ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటాడు కాబట్టి గ్రహకేంద్రం నుంచి కొలిచిన అక్షాంశానికీ, ఉపరితల లంబాన్ని బట్టి కొలిచినదానికీ మధ్య 45 డిగ్రీల దగ్గర దాదాపు 4 డిగ్రీల తేడా వస్తుంది. గ్రాఫు మీద ఏది వాడారో రాయండి.

గురుడి చుట్టూ తిరిగే నాసా నౌక జూనో ఫొటోలతో మాత్రం మొదలుపెట్టకండి. నౌక దగ్గరగా, వేగంగా దూసుకుపోతూ తీసినవి, జ్యామితి సరిచేయడమే పెద్ద పని. పైగా బయట కనిపించేవాటిలో రంగులు పెంచినవే ఎక్కువ, రంగు చూసి మేఘం ఎత్తు చెప్పలేం. ఎత్తు కావాలంటే 889 నానోమీటర్ల మీథేన్ ఫిల్టర్ చిత్రం చూడాలి, అందులో ఎత్తైన మేఘాలే వెలుగుతాయి.

ఉద్యోగాల సంగతి దాచను. గ్రహ వాతావరణాలకే పరిమితమైన పోస్టులు చాలా తక్కువ. అయితే ఉపగ్రహ చిత్రాల నుంచి గాలులు కొలవడం, న్యూమరికల్ మోడల్ నడపడం భూమి వాతావరణ అంచనా కేంద్రాల్లోనూ రోజువారీ పనే. అందుకే పీజీలో గ్రహాల ప్రాజెక్టుతో పాటు భూమి వాతావరణ మోడలింగ్ పేపరు ఒకటి తప్పకుండా తీసుకోండి. గైడ్‌కు రాసేటప్పుడు ఆసక్తి గురించి రెండు పేజీలు అక్కర్లేదు, ఎర్రర్ బార్లతో (కొలతలో ఎంత పొరపాటు ఉండొచ్చో చూపే గీతలతో) మీరు గీసిన ఒక్క గాలి వేగాల గ్రాఫు జతచేయండి.