కర్ణాటక సంగీతం విన్న చెవికి ఆమ్‌స్టర్‌డామ్ ఫ్రీ జాజ్ ఎక్కుతుందా?

ఉద్యోగం మీద ఆమ్‌స్టర్‌డామ్ వస్తున్నాననీ, ఇక్కడి ఇంప్రొవైజ్డ్ జాజ్ (ముందే రాసుకోకుండా అప్పటికప్పుడు పుట్టించి వాయించేది) గురించి గొప్పగా విన్నాననీ, మన సంగీతం తప్ప మరేదీ వినని తనకు అది అర్థమవుతుందా అనీ ఒకరు అడిగారు.

ఎక్కుతుందండీ, కానీ మొదటి రోజే ఎక్కదు. నేనైతే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను.

నేనుండేది ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. మా ఆఫీసులో ఒక డచ్చాయన ఇక్కడి జాజ్ కచేరీల హాలు బిమ్‌హౌస్‌కి తీసుకెళ్లాడు. సెంట్రల్ స్టేషన్ దగ్గర 26వ నంబర్ ట్రామ్ ఎక్కితే మొదటి స్టాపే. పెద్ద గాజు భవనంలోంచి బయటికి పొడుచుకొచ్చిన నల్ల పెట్టెలా ఉంటుంది. వేదిక వెనక కిటికీలోంచి రైళ్లు పోతూ కనిపిస్తాయి. ఆ రాత్రి నాకు నచ్చింది ఆ రైళ్లే. తాళం వేద్దామని తొడ మీద చెయ్యి పెట్టాను, సమం (తాళం మొదలయ్యే చోటు) ఎక్కడో దొరకలేదు. ఒకాయన శాక్సఫోన్‌తో అరుస్తున్నాడు, ఇంకొకాయన దానితో సంబంధం లేనట్టు ఏదో పాత మార్చింగ్ పాట వాయిస్తున్నాడు.

రెండోసారి డచ్ డ్రమ్మర్ హాన్ బెన్నింక్‌ని చూశాను. 1942లో పుట్టిన మనిషి. ముందు ఒక్క స్నేర్ డ్రమ్. కాలెత్తి మడమ దాని మీద పెట్టి నొక్కుతూ శ్రుతి మారుస్తున్నాడు, తబలా వాళ్లు ఎడమ చేతి మణికట్టుతో చేసే పనే. తర్వాత నేల మీద చతికిలబడి చెక్క వేదికనే వాయించాడు. హాలంతా నవ్వుతోంది, నేనూ నవ్వాను. కచేరీలో నవ్వొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మన స్వరకల్పనలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది కదా. వీళ్ల దగ్గర అదొక్కటే మర్యాద అనుకోరు, అడ్డం పడటం కూడా మర్యాదే. పియానిస్టు మీషా మెంగెల్‌బర్గ్ ఇందుకోసం 'వైరస్‌లు' అని చిన్న చిన్న ముక్కలు రాశాడు. పాట సాఫీగా సాగుతుంటే ఎవరైనా ఒక వైరస్ వదిలి దాన్ని చెడగొట్టవచ్చు. మిగతావాళ్లు అందులోంచి ఎలా బయటపడతారన్నదే సరదా. ఆయన తన చిలకతో కలిసి వాయించింది కూడా రికార్డుగా వేశారు, జోకు కాదు.

ఇంత చిన్న దేశంలో ఇది ఎలా నిలిచిందంటే, నా లెక్కలో సగం సంగీతం, సగం యూనియన్. 1964 జూన్ 2న ఇక్కడి హిల్వర్సమ్ ఊళ్లో అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ రికార్డింగ్‌లో మెంగెల్‌బర్గ్, బెన్నింక్ ఇద్దరూ వాయించారు. ఆ నెలాఖరుకే డాల్ఫీ బెర్లిన్‌లో చనిపోయాడు, 36 ఏళ్లకే. 1967లో వీళ్లిద్దరూ శాక్సఫోన్ వాద్యకారుడు విల్లెమ్ బ్రూకర్‌తో కలిసి ఇన్‌స్టంట్ కంపోజర్స్ పూల్ పెట్టారు. అప్పటికప్పుడు పుట్టించేది కూడా రచనే అని ఆ పేరులోనే వాదన. 1969 నవంబర్‌లో మెంగెల్‌బర్గ్, మరికొందరు కొత్తతరం సంగీత రచయితలు, కొత్త సంగీతానికి చోటివ్వట్లేదని, ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సెర్ట్‌గెబావ్ హాల్లో పెద్ద ఆర్కెస్ట్రా కచేరీ మధ్యలో పిల్లల టకటక బొమ్మలు నొక్కి గోల చేశారు. 1971లో ఇంప్రొవైజ్ చేసేవాళ్లకంటూ 'బిమ్' అని వృత్తి సంఘం ఏర్పడింది. ప్రభుత్వ సాయం అడగటానికి ఒక గొంతు దొరికింది. 1974లో వాళ్ల సొంత హాలు తెరుచుకుంది, అదే బిమ్‌హౌస్. ఇప్పుడున్న చోటికి 2005లో మారింది. 2013 నుంచి కళలకిచ్చే డబ్బులో ఏటా 20 కోట్ల యూరోల దాకా కోత పడింది. ఆ దెబ్బ గురించి ఇక్కడి వాద్యకారులు ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

దేశం చిన్నది కాబట్టి ఒక లాభం ఉంది. నాలుగు కచేరీలకు వెళ్తే అవే ముఖాలు వేర్వేరు బృందాల్లో కనిపిస్తాయి. ఫలానా ఆయన ఈ రోజు ఎందుకు ముభావంగా ఉన్నాడో కూడా మనకు తెలిసిపోతుంది.

ముందే రికార్డులు వినొద్దని నా సలహా, కళ్లతో చూడకపోతే సగం పోతుంది. బిమ్‌హౌస్‌కి టికెట్ ఖరీదనిపిస్తే జాల్ 100 లాంటి చిన్న చోట్లు వెతకండి. ముందు వరుసలో కూర్చోండి. ఒకసారి డ్రమ్మర్ చేతిలో కర్ర జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి ఇద్దామని లేచేసరికి ఆయన చేత్తోనే వాయించేస్తున్నాడు. విరామం దాకా అది నా ఒళ్లోనే ఉంది.