మత్తుపదార్థాల సరఫరా కేసుల గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

ఇంటర్ చదివే మీ అబ్బాయికి మత్తుపదార్థాల సరఫరా కేసుల తీవ్రతను ఎలా వివరించాలని అడిగారు. ఆ వయసు పిల్లలకు పాఠాలు చెప్పే నా అనుభవంలో, శిక్ష ఎన్నేళ్లో చెప్పడం కన్నా ఏ పని నేరమవుతుందో చెప్పడమే ముఖ్యం. సరఫరా అనగానే వాళ్లకు ముఠాలు గుర్తొస్తాయి తప్ప, స్నేహితుడిచ్చిన పొట్లాన్ని మరొకరికి అందించే తమలాంటివాళ్లు గుర్తురారు.

ఒకసారి తరగతిలో ఒక అబ్బాయి, "డబ్బే తీసుకోనప్పుడు నేరం ఎలా అవుతుంది సార్?" అని అడిగాడు. మత్తుపదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 8వ సెక్షన్ అమ్మకాన్నే కాక కొనడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, చేరవేయడాన్ని కూడా నిషేధిస్తుందని ఒక్కొక్క మాటే బోర్డు మీద రాసి చూపించాను. నలుగురు డబ్బు పోగుచేసి ఒకడిని పంపితే, తెచ్చినవాడితో పాటు పంపినవాళ్ల మీదా 29వ సెక్షన్ కింద కుట్ర ఆరోపణ రావచ్చని, రుజువైతే అసలు నేరానికున్న శిక్షే వాళ్లకూ పడుతుందని చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోయింది.

ఆ తర్వాతే పరిమాణాల గురించి చెప్పండి. గంజాయి విషయంలో 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే చట్టం దృష్టిలో పెద్ద మొత్తం, అవుతుంది. ఎండీఎంఏ అనే రసాయన మత్తుమందుకైతే 10 గ్రాములు దాటితే చాలు. అక్కడి నుంచి కనీస శిక్ష 10 ఏళ్లు, గరిష్ఠం 20 ఏళ్లు; బెయిలు దొరకడమూ చాలా కష్టం. పైగా, కల్తీ కలిపిన సరుకైతే ఆ కల్తీతో సహా మొత్తం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది.

మైనర్‌ని కదా, ఏమీ కాదన్న ధీమా కూడా కొందరిలో ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరాల్లో 16 ఏళ్లు నిండినవారిని, నేరం చేసేంత మానసిక పరిపక్వత ఉందో లేదో చూసే ప్రాథమిక అంచనా తర్వాత, పెద్దవారిలా విచారించేందుకు వీలుంది. అదే చట్టం 78వ సెక్షన్ పిల్లల చేత మత్తుపదార్థాలు మోయించేవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష విధిస్తుంది. నా దృష్టిలో ఇది తప్పక చెప్పవలసిన విషయం, ఎందుకంటే ఎవరైనా ఒత్తిడి చేస్తున్నప్పుడు తానే దోషినన్న భయంతో పిల్లవాడు నోరు విప్పడు. అలాంటిదేమైనా జరిగితే ముందు మీకే చెప్పమనండి. మీరు కోప్పడకుండా విని, ఆ వెంటనే న్యాయవాదిని కలవండి.