బరంపురంలో చదువుతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మలూ,

“ఇంక జన్మలో ఎవర్నీ నమ్మను మావయ్యా” అని ఫోన్‌లో ఏడ్చావు. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ముందు చేయాల్సిన పని చెప్తాను. స్నేహితురాలు అడిగిందని ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చేశావు. ఎవరినో మోసం చేసి లాగిన డబ్బులు నీ అకౌంట్లోకి వచ్చి వెళ్ళాయి, బ్యాంకువాళ్ళు అకౌంట్ ఆపేశారు. ఫోన్లో మెసేజ్‌లు ఒక్కటీ తీసెయ్యకు. నీది కాని డబ్బు అందులో ఇంకా ఉంటే, ఎవరు అడిగినా పంపకు. కార్డు బ్లాక్ చేయించు. ఫిర్యాదు ఏ ఊరి పోలీసుల నుంచి వచ్చిందో, దాని నంబరేమిటో బ్రాంచిలో అడుగు. జరిగింది జరిగినట్టు రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. కార్డు పోయిందని రాయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకు. నీ సొంత డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఇక నీ బాధ. చిన్నప్పుడు మహేంద్రతనయ నది దాటి పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి ఎవరు రమ్మన్నా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయేదానివి. వెనకాల మీ అమ్మ కన్ను ఉండేది, అందుకే ఆ నమ్మకం చెల్లింది. మన దేశంలో 1875 నుంచీ చట్టం ఒకటుంది: 18 నిండితే మేజరు. నీ సంతకానికి, నీ పిన్‌కి ఇప్పుడు నువ్వే జవాబుదారీ. పెద్దవ్వడంలో బరువంతా ఇక్కడే ఉందమ్మా. మనుషులు ఉన్నట్టుండి చెడ్డవాళ్ళైపోలేదు.

అందుకని స్నేహితురాలికి అన్నం పెట్టు, నోట్సులివ్వు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చో. కార్డు, ఓటీపీ, సిమ్, హామీ సంతకం మాత్రం ఎవరికీ వద్దు, నాకు కూడా. “మా ఇంట్లో ఒప్పుకోరు” అని సాకు చెప్పకుండా, “నేనివ్వను” అను. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఫర్వాలేదు.

ఆ పిల్ల మీద కూడా ఇప్పుడే తీర్పు చెప్పకు. కమీషన్ ఆశ చూపి ఆమెని ఎవరు వాడుకున్నారో మనకింకా తెలియదు. పోలీసులు అడిగితే ఆమె పేరు దాచొద్దు, అంతే.

మీ నాన్నకి నేను చెప్పను. ఈ రాత్రే నువ్వే ఫోన్ చేసి చెప్పు. కోప్పడతాడు, పడనీ.

ఆదివారం సాయంత్రం బస్సెక్కుతున్నాను. సోమవారం బ్యాంకు తెరిచేసరికి వెళ్దాం. ఆధార్, పాస్‌బుక్ తీసి పెట్టుకో. పక్కన కూర్చుంటాను గానీ, మేనేజరుతో మాట్లాడాల్సింది నువ్వే.

మీ మావయ్య