హైదరాబాద్‌లో ఇప్పుడే సోలార్ పెట్టించాలా, కొత్త టెక్నాలజీ వచ్చేదాకా ఆగాలా?

ఇంకో రెండేళ్లకి మెరుగైన ప్యానెళ్లు, చవక బ్యాటరీలు వస్తాయంటున్నారు కదా, ఇప్పుడే మేడ మీద సోలార్ పెట్టించడం తొందరపాటా అని అడిగారు. నా మటుకు చెప్పాలంటే ప్యానెళ్ల కోసం ఆగక్కర్లేదు, బ్యాటరీ కోసం ఆగొచ్చు. మా ఇల్లు నాగారంలో. 2024 చివర్లో 3 కిలోవాట్లది పెట్టించాం.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ వస్తుంది. అంతకంటే పెద్దది పెట్టినా అంతే. కొటేషన్‌లో ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే మన దేశంలో తయారైన సెల్స్‌వి అని రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సబ్సిడీ రాదు.

ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకునేవాణ్ణి. మే నెలలో, రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో చూపే యాప్ తెరిస్తే మార్చి కంటే తక్కువ యూనిట్లు! ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర లెక్కకడతారు. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. మన మే మధ్యాహ్నాల్లో ప్యానెల్ వేడి 60 దాటుతుంది. ఇప్పుడొస్తున్న టాప్‌కాన్ రకం ప్యానెళ్లు పాత మోనో పెర్క్ రకం కంటే వేడికి కొంచెం తట్టుకుంటాయి. కింద గాలి ఆడటం కూడా ముఖ్యమే, అందుకే మేం స్టాండు ఏడడుగుల ఎత్తు లేపాం. వడియాలకి ఎండ లేకుండా చేశావని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నేను చేసిన ఇంకో ఘనకార్యం, ప్యానెళ్లని బోరు నీళ్లతో కడగడం. మూడు వారాలకి అద్దం మీద తెల్లటి ఉప్పు పొర పేరుకుంది. గోటితో గీరితే గీత పడేది. రోజుకి 12 యూనిట్లు వచ్చేవి 10కి దిగాయి. ఇప్పుడు తెల్లవారుజామున మంజీరా నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

ఇక అసలు దెబ్బ. ఒకరోజు మధ్యాహ్నం గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. కాసేపటికి ఎండ కాసింది, ఇంట్లో మాత్రం ఫ్యాన్ తిరగలేదు. గ్రిడ్‌కి, అంటే వీధి కరెంటు లైన్‌కి కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) లైన్ పోగానే తనంతట తాను ఆగిపోతుంది. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. ఈ సంగతి మాకు అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. బ్యాటరీ పెట్టుకునే వీలున్న హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీరు అది తీసుకోండి, బ్యాటరీ తర్వాత కొనొచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల ధరలు దిగుతూ వస్తున్నాయి, వెనకాలే సోడియం అయాన్ బ్యాటరీలు కూడా మార్కెట్లోకి వస్తున్నాయి.

నిజానికి పగటి కరెంటుని రాత్రికి దాచడం ఎలా అన్నది మన ఒక్కరి బాధ కాదు. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మొత్తం 900 మెగావాట్ల టర్బైన్లు అటూ ఇటూ తిరిగే రకం. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లని పైకి తోడి, అవసరమైనప్పుడు వదులుతాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు కూడా ఇదే సూత్రంతో, పక్కనే సోలార్, గాలిమరలతో వచ్చింది.

సంతకం పెట్టేముందు ఒకసారి సాయంత్రం నాలుగింటికి మేడ ఎక్కి, పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తోందో చూడండి. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతావాటి కరెంటూ తగ్గొచ్చు. మా ఇంటికి పడమటి పక్క ప్లాటులో మొన్న పిల్లర్లు లేచాయి. ఎన్ని అంతస్తులో అడగడానికి ఇంకా ధైర్యం చాలలేదు.