చిప్ డిజైన్ జాబ్ వదిలి పీహెచ్‌డీకి పోతే: ఆరో ఏడాది డబ్బు యాడుంది?

ఈ వారం ప్రశ్న చిత్తూరు అమ్మాయిది. 27 ఏళ్లు, బెంగళూరులో అనలాగ్ డిజైన్ జాబ్, చేతికి 92 వేలు. తిరుపతి ఐఐటీలో ఐసీ (చిప్) డిజైన్ పీహెచ్‌డీ సీటు వచ్చింది, తర్వాత ప్రొఫెసర్ కావాలని కోరిక. నాయనకి బంగారుపాళ్యం దగ్గర నాలుగెకరాల తోతాపురి మామిడి తోట, ఇంటికి నెలకి 20 వేలు పంపిస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 1.4 లక్షలు, ఎఫ్‌డీ 5 లక్షలు, ఫండ్స్‌లో 3.5 లక్షలు. "ఐదేళ్లలో 31 లక్షలు పోగొట్టుకుంటా ఉన్నా సార్, ఇది పిచ్చి పనా? శాలరీ స్లిప్పులు ఉన్నప్పుడే 20 లక్షలు ప్లాట్ లోన్ పెట్టేయమంటా ఉన్నాడు నాయన, పెట్టొచ్చా?" అని అడిగింది.

అమ్మా, ముందు ఆ 31 లక్షల సంగతి చూద్దాం, నీకు నిద్ర పట్టనీకుండా చేస్తా ఉండేది అదే అని చదవంగానే తెలిసిపోయింది. కూడికలో తప్పేం లేదు, ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకి 37 వేలు, తర్వాత మూడేళ్లు 42 వేలు, మొత్తం 24 లక్షలు, జాబ్‌లో ఉంటే అదే ఐదేళ్లకి 55 లక్షల 20 వేలు, తీసేస్తే 31 చిల్లర. కానీ జీతంలో నుంచి జీతం తీసేస్తే నష్టం తెలీదు, మిగిలేదాంట్లో నుంచి మిగిలేది తీసెయ్యాల. బెంగళూరులో నీకు రెంటు, తిండి, క్యాబులు 38 వేలు, ఇంటికి 20, లోన్ ఈఎంఐ 9, ఫండ్స్‌లో నెలనెలా వేసే సిప్ 25. ఏర్పేడు ఐఐటీ క్యాంపస్‌లో హాస్టల్, మెస్, ఫీజు, ఫోను అన్నీ కలిపి 14 వేలు వేసుకున్నా ఇంటికి 20 పంపి 3 వేలు మిగుల్తుంది, లోన్ ముందే కట్టేసి పోతేనే సుమా. బెంగళూరులోనే ఉంటే ఈఎంఐ అయిపోయాక ఇంకో 9 వేలు మిగిలేది, ఏర్పేడులో మూడో ఏడు నుంచి 5 వేలు పెరుగుతుంది, అన్నీ గీసి చూస్తే తేడా 15 లక్షల చుట్టుపక్కల, ఇంక్రిమెంట్లు పక్కనబెడితే. ఇదేం చిన్న డబ్బు కాదు, కానీ 31 కూడా కాదు.

నాకు దిగులు ఆ 15 లక్షల మీద కాదు, ఆరో ఏడాది మీద.

ఫెలోషిప్ మామూలుగా ఐదేళ్లకి ఆగిపోతుంది, చిప్పుకి ఆ సంగతి తెలీదు కదా. నా క్లయింట్ ఒకాయన కొడుకు ఇదే సబ్జెక్టులో చేశాడు, మూడో ఏడు టేపౌట్ చేశాడు, అంటే డిజైన్ ముగించి తయారీకి పంపాడు, చిప్పు చేతికొచ్చింది, బోర్డు మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. కంపెనీలో అయితే టేపౌట్ డేట్ వెనకాల వంద మంది ఉంటారు, చిప్పు అచ్చేసే మాస్కులకి డబ్బులుంటాయి, కాలేజీ వాళ్లకి అదంతా యాడుంటుంది, చానా మంది డిజైన్లు ఒకే వేఫర్ (సిలికాన్ పలక) మీద పంచుకుని పోయే షటిల్ అనే బ్యాచ్‌లో జాగా దొరకాల. ఆ షటిల్ ఏమన్నా అలిపిరి బస్సా, ఒకటి పోతే ఐదు నిమిషాల్లో ఇంకోటి రావడానికి? ఏడాదికి కొన్నిసార్లే పోతుంది, చిప్పు తిరిగి రావడానికి నెలలు, తర్వాత ప్యాకేజింగు, బోర్డు, కొలతలు, వాటిల్లో తప్పు దొరికితే మళ్లీ మొదటికి. ఉత్త సిమ్యులేషన్లు పెట్టి పేపర్ పంపితే మంచి జర్నళ్లు ఊరుకోవు, సిలికాన్ మీద కొలిచిన నంబర్లు అడుగుతాయి. ఆ పిల్లోడికి రెండో చిప్పు పని చేసింది, ఆరేళ్ల రెండు నెలలు పట్టింది, ఆఖరి పద్నాలుగు నెలలు వాళ్ల నాయన పంపిన డబ్బుతో బతికాడు. మీ నాయనకి ఆ వీల్లేదు, 2025 సీజన్లో తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయల మీద గవర్నమెంటు 4 వేస్తే గాని కిలో 12 కాలేదు.

అందుకే ఆ ఎఫ్‌డీ 5 లక్షలు ఈరోజు నుంచే ఆరో ఏడాది పేరు మీద ఉండాల. 14 ప్లస్ 20, నెలకి 34 వేలు, పన్నెండు నెలలకి 4 లక్షల 8 వేలు, ధరలు పెరుగుతాయి కాబట్టి వడ్డీ కూడా దాంట్లోనే పడనీ. పెళ్లికని, బోరుకని, చుట్టాలకి చేబదులని దాన్ని కదిలించొద్దు. ఫండ్స్‌లో 3.5 ఉంది కదా, దాంట్లో లక్ష తీసి సేవింగ్స్‌లో పెట్టుకో, ఫెలోషిప్ ఒక్కోసారి రెండు మూడు నెలలు లేటుగా పడుతుంది.

సీటు ఒప్పుకునే ముందు గైడ్‌ని మొహమాటం లేకుండా డబ్బు ప్రశ్నలు అడుగు. స్టైపెండ్ ఇన్‌స్టిట్యూట్‌దా, ప్రాజెక్టుదా? ప్రాజెక్టుదైతే అది ముగిసే తేదీ ఎప్పుడు? ఎలక్ట్రానిక్స్ శాఖ వాళ్ల విశ్వేశ్వరయ్య స్కీమ్ కింద సీటు ఉందా, దాంట్లో మామూలు ఫెలోషిప్ కన్నా కొంచెం ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, టేపౌట్ ఖర్చు ఎవరు పెడతారు? కేంద్రం 2022లో మొదలుపెట్టిన చిప్స్ టు స్టార్టప్ ప్రోగ్రాంలో ఆ ల్యాబ్ ఉంటే డిజైన్ టూల్స్‌కీ చిప్పు తయారీకీ సాయం దొరుకుతుంది, మొహాలీలో గవర్నమెంటు చిప్ ఫ్యాక్టరీ ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ టెక్నాలజీలో వేయించుకునే దారి కూడా ఉంది. పోయిన నాలుగేళ్లలో ఎన్ని చిప్పులు పంపారు, ఎన్ని పని చేశాయి అని సీనియర్లని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి అడుగు, గైడ్ చెప్పే దానికన్నా అది నిజం.

రిజైన్ చేసే తేదీ గురించి. నీకు ఈ జూలైకి నాలుగున్నరేళ్లు అవుతుందన్నావు. గ్రాట్యుటీకి ఐదేళ్లు కావాల, బేసిక్ 45 వేలు వేసుకుంటే ఐదేళ్లకి 1 లక్ష 30 వేల దాకా వస్తుంది, ఆర్నెల్ల కోసం ఎందుకు వదులుకోవాల? జనవరిలో చేరనిస్తారేమో అడుగు. ఆ ఆర్నెల్లలో నాలుగు నెలలు సిప్ ఆపేస్తే లోన్ క్లోజ్ అవుతుంది. కంపెనీ ఇస్తానన్న షేర్లలో ఇంకా నీ పేరు మీదకి రానివి (వెస్ట్ కానివి) రిజైన్ చేసిన రోజే పోతాయి, తర్వాతి వెస్టింగ్ ఎప్పుడో కూడా చూసుకో. కానీ గైడ్ "ఈ డిసెంబర్ షటిల్‌లో నీకు జాగా ఉంది, జూలైకి రా" అంటే గ్రాట్యుటీ వదిలేసి వెళ్లిపో, ఆ ఒక్క షటిల్ ఏడాది మిగిల్చొచ్చు. పీఎఫ్ మాత్రం తియ్యొద్దు, వడ్డీ పడతానే ఉంటుంది, ఐదేళ్ల సర్వీసు లోపల తీస్తే ట్యాక్స్ కూడా.

ఇన్సూరెన్సులు జాబ్‌లో ఉండంగానే తీసుకో. టర్మ్ పాలసీ వాళ్లు ఇన్‌కమ్ చూసి కవర్ ఇస్తారు, ఇప్పుడైతే కోటికి నిన్ను ప్రశ్న కూడా వేయరు, స్టూడెంట్ అయ్యాక సవాలక్ష అడుగుతారు. అమ్మానాయనల హెల్త్ కవర్ కంపెనీదే అన్నావు, రిజైన్ చేస్తే అది పోతుంది. నాయనకి షుగర్ ఉంది కాబట్టి కొత్త పాలసీలో దానికి క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఆ గడియారం ఇప్పుడే మొదలవ్వాల. ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, అదొక ఊరట.

ఇంక ప్రొఫెసర్ జీతం. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ వన్‌కి బేసిక్ 1,01,500తో మొదలు, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ, ఎన్‌పీఎస్ పెన్షన్‌లో వాళ్ల వాటా, 65 దాకా ఉద్యోగం. దానికి పీహెచ్‌డీ తర్వాత మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు. అంటే నీకు 36, 37 దాటుతుంది, మధ్యలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం. అందరికీ ఆ కుర్చీ దొరకదు. మన చుట్టుపక్కల ప్రైవేట్ కాలేజీల సంగతి నన్ను అడగొద్దు, జీతం టైముకి పడక నా దగ్గర పర్సనల్ లోన్ గురించి కూర్చున్న లెక్చరర్లని చూశాను. కానీ నీ లైన్‌లో ఒక సుఖం ఉంది, చరిత్రలో పీహెచ్‌డీ చేసినోళ్లకి లేనిది, సీటు రాకపోతే బెంగళూరు మళ్లీ పిలుస్తుంది, పని చేసిన చిప్పు ఒకటి చేతిలో ఉంటే ఇంకా మంచి జీతానికే. అందుకే ఇది పిచ్చి పని అని నేననను.

ప్లాట్ లోన్ మాత్రం వద్దే వద్దు. 20 లక్షలు, 15 ఏళ్లు, 9 శాతం వేసుకుంటే ఈఎంఐ నెలకి 20 వేలు దాటుతుంది, ఫెలోషిప్‌లో నీకు మిగిలేది 3 వేలు. ఏర్పేడు కాడ రేట్లు పెరుగుతాయని మీ నాయన చెప్పేది నిజమే కావచ్చు, రేపు జాబ్ వదలబోతా ఈరోజు స్లిప్పులు చూపించి లోన్ తీసుకుంటే ఆ ఈఎంఐ కట్టేది మామిడితోటే. ఆయనకి ఈ మాట నువ్వు చెప్తే కోపం వస్తుందేమో, ఏదో ఒక ఆదివారం తిరుపతికి పిల్చుకొని రా, నేను చెప్తా. అంతవరకు అడ్వాన్స్ ఇవ్వొద్దని మాత్రం ఈ రాత్రికే ఫోన్ చెయ్యి.